బీరువా ఇంటికి వచ్చిన లిఫ్టు

అతనికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే మాత్రం అతను వెనక్కి తిరిగి చూడడు. అందరికీ అతను బీరువా. ఇళ్లు మారేవాళ్ల సామాను మోసే పనిలో చేరిన కొత్తలో, మెట్ల మలుపులో ఇరుక్కుపోయిన ఇనప బీరువాను ఇద్దరు మనుషులు కదపలేక చెమటలు కక్కుతుంటే, "తప్పుకోండి" అని వీపు మీద గోనెపట్టా వేసుకుని, నడుముకు తాడు బిగించి, ఒక్కడే పై అంతస్తుకు ఎక్కించేశాడట. ఆ రోజు అంటుకున్న పేరు మళ్లీ ఊడలేదు. ఊడాలని అతనూ కోరుకోలేదు. కొందరికి బిరుదులు సభల్లో ఇస్తారు, ఇతనికి మెట్ల మీద ఇచ్చారు.

అతని భార్య కుట్టుపని చేసేది. ఆమెను చుట్టుపక్కలవాళ్లు కత్తెరమ్మ అనేవాళ్లు. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఇంకో కత్తెర. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు నడుము లోపలికి పీల్చుకుంటే, "గాలి వదలండమ్మా, గుడ్డకు అబద్ధం చెప్తే అది నలుగురిలో చిరిగి నిజం చెప్తుంది" అనేది. అలాంటి మనిషి ఒక పగలు గుడ్డ కత్తిరిస్తూ ఉండగా ఎడమచేతిలో గుడ్డ దానంతటదే జారిపోయింది. దాని వెనకే ఆమె కూడా కింద పడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఆమెవి కాకుండా పోయాయి. కుడికాలిలో కూడా మునుపటి సత్తువ లేదు. నోటికి మాత్రం ఏమీ కాలేదు. రోగానికి కూడా ఆ నోటి జోలికి వెళ్లే ధైర్యం లేకపోయిందని బీరువా అనేవాడు. ఆమె నవ్వేది.

కిటికీ పక్కన కత్తిరింపు బల్ల, బల్ల ముందు చక్రాల కుర్చీ. రోజూ పొద్దున్నే మంచం మీద నుంచి ఆ కుర్చీలోకి చేరితేనే ఆమెకు తెల్లవారినట్టు. గుడ్డ కదలకుండా ఒక పక్క ఇస్త్రీపెట్టె బరువు పెట్టుకుని, కుడిచేత్తో కత్తిరించేది. సాయంత్రం చెల్లెలు వచ్చి ఆ ముక్కలు మిషను మీద కుట్టేది. "కుర్చీలో ఉంటే నేను మనిషిని, మంచంలో ఉంటే రోగిని" అని కత్తెరమ్మ ఒకసారి అంది. బీరువా ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. ఆమె ఒక్క రోజు కూడా మంచంలో ఉండిపోకూడదని గట్టిగా అనుకున్నాడు.

ఆమెను ఎలా ఎత్తాలో అతనికి ఎవరూ నేర్పలేదు, అతను అడగనూ లేదు. బీరువాను ఎత్తినవాడికి భార్యను ఎత్తడం ఒకరు చెప్పాలా? వంగి, ఆమె గడ్డం తన భుజం మీద ఆనించుకుని, రెండు చేతులూ ఆమె నడుము చుట్టూ వేసి, ఒక్క ఊపున లేపి, గిర్రున తిప్పి, కుర్చీలో దించేవాడు. మొదటి రోజుల్లోనే ఆమె చెవిలో ఒక మాట అన్నాడు.

"చూశావా? సగం బరువు నువ్వే ఆపుకున్నావు. నేను ఊరికే చెయ్యి వేశానంతే."

ఆ మాటకు ఆమె ముఖం వెలిగిపోయింది. అంతే, ఆ మాట అతనికి అలవాటైపోయింది. రోజూ చెప్పేవాడు. ఆమె ఇంకా గట్టిగా కాళ్లు తొక్కేది, లేదా తొక్కాననుకునేది. గుడ్డలు ఇవ్వడానికి వచ్చినవాళ్లతో, "నేను నిలబడుతున్నాను తెలుసా, ఆయన ఊరికే చెయ్యి వేస్తాడంతే" అని చెప్పుకునేది. వాళ్లు వెళ్లాక బీరువా వంటగదిలోకి పోయి, గోడకు వీపు ఆనించి, నడుము నొక్కుకునేవాడు. ప్రేమ కొద్దీ ఆడిన అబద్ధమే, కాదనను. కానీ అబద్ధానికి కూడా బరువుంటుంది, దాన్నీ ఎవరో ఒకరు మోయాలి.

మోస్తున్న వీపు ఒక రోజు మొరాయించింది. పని నుంచి ఇంటికి నడిచి వస్తే కుడికాలికి చెప్పు లేదు. దారిలో ఎక్కడో జారిపోయింది. చెప్పు లేదని కూడా ఆ కాలికి తెలియలేదు. గుమ్మంలో నిలబడి ఆ కాలిని చూసుకున్నాడు. చిటికెన వేలు గిల్లి చూసుకున్నాడు. ఎవరి వేలో గిల్లినట్టుంది.

"చెప్పు ఏదీ?" అంది కత్తెరమ్మ లోపలి నుంచి.

"తెగిపోతే పారేశా."

ఆ రాత్రి నుంచి అతనికి ఒకటే భయం. ఈ కాలు ఎప్పుడో ఒకప్పుడు మోసం చేస్తుంది. అది ఆమె తన చేతుల్లో ఉన్నప్పుడే చేస్తుంది. తెలిసీ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. వెళ్తే బరువులు ఎత్తొద్దంటాడు, అప్పుడు ఆమెను ఎవరు ఎత్తుతారు? అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. పొద్దున లేవగానే ఆమె తలదువ్వుకుని సిద్ధంగా కుడిచెయ్యి చాచేది. అతను ఒక్క క్షణం ఆగి, కుడిపాదం నేలమీద ఉందో లేదో కళ్లతో చూసుకుని, అప్పుడు వంగేవాడు.

అనుకున్నంతా అయ్యింది. ఒక పొద్దున ఆమెను లేపి సగం తిప్పాక మోకాలు మడతపడింది. అదృష్టం కొద్దీ మంచం వైపే పడ్డారు. ఆమె కింద, అతను పైన. కాసేపు ఇద్దరికీ ఊపిరి ఆడలేదు. తర్వాత అతను పెద్దగా నవ్వాడు. "చాన్నాళ్లయింది కదా, ఊరికే సరసం" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. రెండోసారి ఎత్తేటప్పుడు మాత్రం ఆమె కుడిచెయ్యి అతని మెడను ఉచ్చులా బిగించింది, గోళ్లు దిగబడ్డాయి.

ఆ గోళ్ల గుర్తులు సాయంత్రం మరదలి కంట పడ్డాయి. కత్తెరమ్మ చెల్లెలు ఆసుపత్రి వార్డులో ఆయాగా పని చేస్తుంది. పగలంతా మంచాల మధ్య తిరిగి, సాయంత్రం అక్క దగ్గరికి వచ్చి మిషను ముందు కూర్చుంటుంది. నోటి విషయంలో అక్కకు ఏమాత్రం తీసిపోదు.

"ఏం బావా, మెడ మీద పిల్లి రక్కిందా?"

"మీ అక్కే. ప్రేమ ఎక్కువై."

మరదలు నవ్వలేదు. అతను బయట మొహం కడుక్కోవడానికి వెళ్తే వెనకే వచ్చింది. "నడక మారింది నీది. కుడికాలు ఈడుస్తున్నావు."

"వయసు."

"వయసు రెండు కాళ్లకీ వస్తుంది బావా. మా వార్డులో మనుషుల్ని ఇలా చేతులతో లేపితే సిస్టర్ మా తోలు తీస్తుంది. మనిషిని ఎత్తే మిషను ఉంటుంది, లిఫ్టు అంటారు, దాంతోనే లేపాలి. ఇళ్లకు కూడా ఇస్తారు."

"బీరువాలు ఎత్తినవాణ్ణి నేను."

"బీరువాకు భయమేస్తే నీ మెడ పట్టుకోదు కదా."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. బీరువా చెంబు నేలకేసి కొట్టి లోపలికి వెళ్లిపోయాడు. కానీ ఆ మాట అతన్ని వదల్లేదు. మర్నాడు పని దగ్గర కుర్రాళ్లు సోఫా దించుతుంటే వాళ్ల చేతుల వంక కాకుండా కాళ్ల వంక చూస్తూ నిలబడ్డాడు. రెండు రోజుల తర్వాత తనే మరదలికి ఫోన్ చేశాడు. "ఆ లిఫ్టులు ఇచ్చే షాపు ఎక్కడో చూద్దాం పద. మీ అక్కకు ఓపిక వచ్చేదాకా ఊరికే ఉంటుంది" అన్నాడు. ఆమె వాదించలేదు.

చక్రాల కుర్చీలు, రోగుల మంచాలు అమ్మే షాపు అది. షాపు అతను నిదానస్తుడు, ఒక్కో మాటా తూచి మాట్లాడతాడు. బీరువా లోపలికి అడుగు పెడుతూనే మొదలుపెట్టాడు. మా గుమ్మం వెడల్పు ఇంత, వరండా మలుపు ఇంత, గడప ఎత్తు ఇంత, మీ మిషను ఏదైనా సరే ఒక్క గీత పడకుండా లోపలికి తెస్తాను అన్నాడు. నిజమే, ఎవరింటి గుమ్మమైనా చూడగానే చెప్పేయగలడు. షాపు అతను అంతా విని, "మంచం కింద ఖాళీ ఎంతుంది?" అన్నాడు.

బీరువా లెక్క అక్కడ ఆగిపోయింది. జన్మలో మంచాల కింద ఖాళీ అతను చూడలేదు. సామాను మోసేవాడికి మంచమంటే మేకులూడదీసి పలకలుగా మోసేదే కదా.

"లిఫ్టు కాళ్లు మంచం కిందకు దూరాలి సార్. దూరకపోతే మనిషి దగ్గరికి రాదు. ఇంట్లోకి వచ్చి గదిలో అలంకారంగా నిలబడుతుంది" అన్నాడు షాపు అతను. మరదలు మొహం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకుంది. మంచం కింద దిమ్మలు పెట్టి ఎత్తు చేస్తానని బీరువా ఒప్పుకున్నాడు.

షాపు అతను రెండు రకాలు చూపించాడు. మొదటిది నిలబెట్టే లిఫ్టు. మంచం అంచున కూర్చున్న మనిషి వీపు చుట్టూ బెల్టు వేసి, పాదాలు ఒక పలక మీద పెట్టి, మోకాళ్ల కింది భాగం మెత్తకు ఆనిస్తారు. బటన్ నొక్కితే ముందుకు లాగి లేపి నిలబెడుతుంది. చూడటానికి చిన్నది, ముచ్చటగా ఉంది. రెండోదానికి ముందుకు చాచిన ఇనప చెయ్యి ఉంది, దాని కొసన కొక్కేలు, కొక్కేలకు గుడ్డ జోలె. మనిషి ఒంటి కింద జోలె దూర్చి, కొసలు కొక్కేలకు తగిలించి, మొత్తంగా పైకి లేపుతుంది.

ఆ జోలె చూడగానే బీరువా ఒక అడుగు వెనక్కి వేశాడు. దానికి కారణం ఉంది. వయసులో ఉన్నప్పుడు ఒక ఇంట్లో ఇనప బీరువా మెట్లు దిగనంటే బాల్కనీ నుంచి తాళ్లతో దించారు. పైన తాడు పట్టుకున్నవాళ్లలో ఇతనూ ఉన్నాడు. సగం దిగాక ముడి జారింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది గానీ, ఆ బీరువా రోడ్డు మీద పడ్డ చప్పుడు అతని చెవుల్లో ఇప్పటికీ ఉంది. తాడుకు వేలాడేది ఏదైనా పడి తీరుతుందని అతని నమ్మకం. అది దేవుడు దిగొచ్చి చెప్పినా మారదు.

"నా భార్యను సామానులా వేలాడదీయను. మొదటిది చాలు."

"మొదటిది కావాలంటే అమ్మగారు కూర్చోగలగాలి, కాళ్ల మీద కొంతైనా బరువు ఆపుకోవాలి" అన్నాడు షాపు అతను. "ఆపుకోగలరా?"

మరదలు బావ ముఖం వైపు చూసింది. ఆమె ఎప్పుడూ పొద్దున్న పూట ఆ ఇంట్లో లేదు. అక్క నిలబడుతోందని అక్క చెబితేనే విన్నది.

"సగం బరువు తనే ఆపుకుంటుంది" అన్నాడు బీరువా. చెప్పీ చెప్పీ ఆ మాట నున్నగా వచ్చేసింది. అసలు ఆ క్షణంలో తనే నమ్మాడేమో కూడా.

బేరం ఖాయం చేసే ముందు ఇంటికి తెచ్చి ఒకసారి వేసి చూపించాల్సిందేనని షాపు అతను పట్టుబట్టాడు. బీరువా బయటికి వెళ్లాక మరదలు వెనక్కి వచ్చి, "రెండూ తీసుకురా అన్నా. రెండోది వ్యానులోనే ఉంచు" అంది మెల్లగా.

ఆ రోజు రానే వచ్చింది. కత్తెరమ్మ పరీక్షకు వెళ్లే పిల్లలా పొద్దుటి నుంచే తయారై కూర్చుంది. చెల్లెల్ని వీపు వెనక దిండ్లు సర్దమంది. "నేను నిలబడితే చూద్దువుగాని" అంది. బీరువా దిమ్మల మీద ఎక్కించిన మంచాన్ని ఊపి చూసి, మళ్లీ చూసి, ఇంకోసారి చూశాడు. ఈ మిషను ఎంత లాగుతుందో అతనికి తెలియదు. కొంచెం లాగితే చాలు, మిగతాది దొంగచాటుగా తను వెనక నుంచి ఆపుకుంటే సరిపోతుంది, ఇంకొన్నాళ్లు గుట్టు దాగుతుంది అన్నదే అతని లెక్క. ముసుగులో గుద్దులాట అంటే ఇదే మరి.

షాపు అతను నిలబెట్టే లిఫ్టును మంచం దగ్గరికి తెచ్చాడు. ఆమెను అంచుకు జరిపి, బెల్టు వేసి, పాదాలు పలక మీద పెట్టాడు. ఎడమపాదం ఒకసారి జారింది, మళ్లీ పెట్టాడు. అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"అమ్మా, కుడిచేత్తో ఈ పిడి పట్టుకోండి. నేను చెప్పగానే కాళ్లతో గట్టిగా తొక్కండి. వద్దనిపిస్తే చెప్పండి, వెంటనే దించేస్తాను. సార్, మీరు దూరంగా ఉండండి."

బీరువా అర అడుగు జరిగాడు.

మోటారు గుయ్‌మంది. బెల్టు బిగిసింది. ఆమె మంచం మీద నుంచి లేచింది. ఆమె కళ్లలో సంతోషం కనిపించింది, "చూశావా" అన్నట్టు భర్త వైపు తిరిగింది. ఆ తర్వాత అంతా నెమ్మదిగా, ఆపలేనట్టుగా జరిగింది. కుడిమోకాలు వణికింది. ఎడమకాలు తడిగుడ్డలా వాలిపోయింది. బెల్టు పైకి జరిగి చంకల్లో కోసుకుంది, ఒళ్లు మాత్రం కిందికి జారుతోంది.

"తొక్కుతున్నాను" అంది ఆమె. "తొక్కుతున్నానయ్యా."

"దించేస్తున్నా" అన్నాడు షాపు అతను. దించితే వెనక మంచం ఉంది, మంచం మీదే కూర్చునేది. కానీ బీరువా ఆగలేదు. ఒక్క అంగలో వచ్చి, రోజూ చేసినట్టే ఆమె నడుము చుట్టూ చేతులు వేసి తన వైపు లాక్కున్నాడు.

"సార్, వద్దు, వదలండి" అని షాపు అతను అరిచాడు.

అప్పటికే ఆమె మంచం అంచు దాటిపోయింది. ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. షాపు అతను బటన్ వదలకుండా కిందికే దించాడు. మరదలు దూకినట్టు వచ్చి అక్క తల పట్టుకుంది. బెల్టు, మనిషి, మరదలు అంతా కలిసి నేలమీదికి వచ్చారు. ఎక్కడా దెబ్బ తగల్లేదు. మరదలు ఆసుపత్రి అలవాటు కొద్దీ తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర నొక్కి, "ఇక్కడ నొప్పా? ఇక్కడ?" అని అడిగింది. లేదంది కత్తెరమ్మ. షాపు అతను బెల్టు విప్పి లిఫ్టు పక్కకు లాగాడు.

"తప్పుకోండి" అన్నాడు బీరువా.

ఆ మాటతోనే కదా అతనికి పేరొచ్చింది. భార్య పక్కన ఒక మోకాలు వేసి, ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద దూర్చాడు. దవడ బిగించాడు. ఆమె నేల మీద నుంచి కొంచెం లేచింది. అంతలోనే అతని కుడికాలు లేనట్టే అయిపోయింది. ఆమెను మళ్లీ నేలకు ఆనించి, పక్కనే కూలబడ్డాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. ఈసారి కనీసం మోకాలి మీద కూడా నిలబడలేకపోయాడు. చేతులతో ఆ కాలిని తొడ దగ్గర పట్టుకుని ముందుకు లాక్కోవాల్సి వచ్చింది. అందరూ చూస్తుండగా అలా లాక్కున్నాడు.

మరదలు అక్క తల కింద దిండు పెట్టి లేచింది. "అన్నా, వ్యానులో ఉన్నది తెద్దాం పద" అని షాపు అతన్ని తీసుకుని బయటికి వెళ్లింది.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ నేలమీద మిగిలారు.

"మిషను పాడైందా?" అంది కత్తెరమ్మ, పైకప్పు వైపు చూస్తూ.

"లేదు. బాగానే ఉంది."

"నేను తొక్కాను కదా."

"తొక్కావు."

కొలతల్లో తేడా ఎక్కడొచ్చిందో వెతికే మనిషి ఆమె. "నిజం చెప్పు. నేను ఎప్పుడైనా నిలబడ్డానా?"

ఇంకొక్క అబద్ధం అతని నాలుక చివరిదాకా వచ్చింది. మింగలేక, కక్కలేక అతను నేలవైపు చూశాడు. "లేదే" అన్నాడు చివరికి.

"ఒక్కసారైనా?"

"లేదు. మొత్తం నేనే."

కత్తెరమ్మ ముఖం మంచం కాళ్ల వైపు తిప్పుకుంది. ఆమెకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. "అందరికీ చెప్పాను. ఉత్తరాలిచ్చే అతనికి కూడా చెప్పాను నిలబడుతున్నానని" అంది. "నీ కాలికేమైంది?"

"తిమ్మిరి."

"ఎప్పటి నుంచి?"

"చాన్నాళ్లయింది."

"ఆ కాలితోనే నన్ను ఎత్తుతున్నావు."

అతను తలూపాడు. ఆమె తిట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. ఇన్నేళ్ల కాపురంలో కత్తెరమ్మ నోరు మూసుకుంటే ఇంత భయం వేస్తుందని అతనికి అప్పుడే తెలిసింది.

జోలె లిఫ్టు లోపలికి వచ్చింది. వద్దనడానికి బీరువా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. మరదలు, షాపు అతను కలిసి కత్తెరమ్మను ఒక పక్కకు ఒత్తిగిలించి, జోలెను సగం మడిచి వీపు వెంట దూర్చి, మళ్లీ రెండో పక్కకు తిప్పి లాగి సరిచేశారు. తల దగ్గర కూడా గుడ్డ ఎత్తుగా ఉంది, మెడ వాలిపోదు. కాళ్ల కింది నుంచి రెండు పట్టీలు తెచ్చి ఒకదానిలోంచి ఒకటి దూర్చారు. కొక్కేలకు తగిలించేటప్పుడు షాపు అతను గట్టిగా చెప్పాడు. "భుజాల దగ్గర రెండు పక్కలా ఒకే రంగు. కాళ్ల దగ్గర రెండు పక్కలా ఒకే రంగు. తేడా వస్తే మనిషి ఒక వైపుకు ఒరుగుతుంది." మరదలు ఒక్కో కొసనీ వేలితో తడిమి చూసింది. బీరువా కూడా మంచం పట్టుకుని లేచి వచ్చి, ఒక్కో కొసనీ లాగి చూశాడు. మళ్లీ లాగి చూశాడు.

బటన్ నొక్కారు. జోలె బిగిసింది. ఆమె ఒళ్లు నేల మీద నుంచి లేవగానే షాపు అతను ఆపేశాడు. నాలుగు కొక్కేలూ ఇంకోసారి చూశాడు. మళ్లీ నొక్కాడు.

ఆమె గాలిలోకి లేచింది. బీరువా రెండు చేతులతో జోలె అంచు పట్టుకున్నాడు. ఇనప చెయ్యి కిర్రుమంది. అతనికి ఆ చప్పుడు కాదు, ఎప్పుడో రోడ్డు మీద విన్న చప్పుడు వినిపించింది. పట్టు ఇంకా బిగించాడు. జోలె అతని వైపు ఒరిగి మెల్లగా తిరగసాగింది.

"సార్, మీరు పట్టుకుంటే తిరుగుతుంది. వదలండి. తనంతట తనే సరిగ్గా వస్తుంది" అన్నాడు షాపు అతను.

బీరువా వేళ్లు వదల్లేదు. వదలాలని అతనికీ ఉంది. వదల్లేకపోయాడు.

"బావా" అంది మరదలు.

జోలె తిరిగి తిరిగి, ఆమె ముఖం అతని ముఖానికి ఎదురుగా వచ్చి ఆగింది. బెత్తెడు దూరం కూడా లేదు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. కింది పెదవిని పళ్లతో నొక్కిపట్టింది, పెదవి తెల్లబడిపోయింది. నుదుటి మీద చెమట పోసింది. ఊపిరి బిగబట్టింది. బీరువా ఆ ముఖాన్ని ఎప్పుడూ చూడలేదు. ఎలా చూస్తాడు? ఎత్తిన ప్రతిసారీ ఆమె తల అతని భుజం మీదే ఉంది. ఆమె ముఖం ఎప్పుడూ అతని వెనక ఉన్న గోడకే కనిపించింది.

"ఇది అంత భయంగా ఉందా?" అన్నాడు.

ఆమె కళ్లు తెరవలేదు. "ఇది కాదు" అంది.

"మరి?"

"నువ్వు ఎత్తినప్పుడు. రోజూ ఇలాగే ఉండేది."

"రోజూనా?"

"మొదటి రోజు నుంచీ. నువ్వు ఎంతో సంబరంగా ఎత్తేవాడివి. ఎలా చెప్పను?"

తను ఒక్కడే అబద్ధం మోస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ. ఆమె రోజూ పొద్దున్నే తలదువ్వుకుని, నవ్వుతూ చెయ్యి చాచి, ఈ ముఖాన్ని అతని భుజం వెనక దాచుకుంది. మనసు చివుక్కుమనడం అంటారే, అంతకంటే ఎక్కువే అయింది అతనికి.

"వదులయ్యా" అంది కత్తెరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు.

అతను ముందు కుడిచెయ్యి తీశాడు. తర్వాత ఎడమచెయ్యి తీశాడు. జోలె ఒకసారి మెల్లగా ఊగి, నిటారుగా నిలిచింది. ఆమె పడలేదు. షాపు అతను లిఫ్టును కిటికీ వైపు తోసుకెళ్లాడు, చక్రాలు గచ్చు మీద గరగర మన్నాయి. మరదలు కుర్చీని వెనక్కి వంచి పట్టుకుంది. బటన్ నొక్కితే ఆమె నెమ్మదిగా, ఎవరి మెడా పట్టుకోకుండా, కుర్చీలో కూర్చుంది. జోలె వదులయ్యాక ఊపిరి వదిలింది, అప్పుడు కళ్లు తెరిచింది.

బీరువా ఇంకా గది మధ్యలోనే, మంచం పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు.

"ఇలా రా" అంది ఆమె. "కూర్చో. ఆ కాలి సంగతి మొదటి నుంచి చెప్పు. ఒక్క ముక్క దాచినా ఊరుకోను."

షాపు అతను, మరదలు లిఫ్టుకు బ్యాటరీ ఎలా పెట్టాలో చూసుకుంటూ అటు తిరిగారు. బీరువా కాలీడ్చుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఈసారి ఆ ఈడుపును దాచుకోలేదు. ఆమె కుర్చీ ఎదురుగా నేలమీద కూర్చుని, ఆమె ముఖంలోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.